అడిగిన తీరును బట్టి లెక్క

మన దేశంలో ఎంతమంది ఆడవాళ్ళు చిన్నతనంలో లైంగిక హింసకు గురయ్యారని అడిగితే కనీసం మూడు జవాబులు దొరుకుతాయి. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 18 నుంచి 29 ఏళ్ళ స్త్రీలను అడిగితే, పద్దెనిమిదేళ్ళు నిండకముందే అలాంటిది జరిగిందని చెప్పినవారు నూటికి 1.5 మంది. 2025 మే నెలలో లాన్సెట్ పత్రిక 204 దేశాలకు వేసిన అంచనాలో భారతీయ స్త్రీల వాటా నూటికి 30.8. ఢిల్లీలోని రాహీ ఫౌండేషన్ 1998లో ప్రచురించిన అధ్యయనంలో అదే సంఖ్య 76.

ఒకటిన్నర, ముప్ఫై ఒకటి, డెబ్భై ఆరు. వానల లెక్కలో ఇంత తేడా వస్తే వాతావరణ శాఖను అసెంబ్లీలో నిలదీస్తారు. ఇక్కడ మాత్రం ఎవరికి అనువైన అంకెను వాళ్ళు ఏరుకుని ఉపన్యాసంలో పెట్టుకుంటారు. సమస్యే లేదనేవాళ్ళకు మొదటిది, నిధులు అడిగేవాళ్ళకు మూడోది.

ఈ మూడింటిలో ఏదీ కల్పించింది కాదు. ఎంతమందికి జరిగింది అనేది ఒక ప్రశ్న, జరిగినవాళ్ళలో ఎంతమంది చెప్పుకున్నారు అనేది ఇంకో ప్రశ్న అనుకుని పరిశోధకులు చాలాకాలంగా వాటిని వేర్వేరు అధ్యాయాలుగా రాస్తున్నారు. ఈ సాహిత్యాన్ని మొదటినుంచి చదువుకుంటూ వస్తే నాకు అవి విడదీయరానివిగా కనిపిస్తాయి. సర్వేకు జవాబివ్వడం కూడా చెప్పుకోవడమే. ఎవరడిగారు, ఏమని అడిగారు, పక్కన ఎవరున్నారు అన్నదాన్ని బట్టి అంకె లేస్తుంది, పడుతుంది.

కుటుంబ ఆరోగ్య సర్వే సంగతే చూడండి. పొయ్యి గ్యాసా కట్టెలా, మరుగుదొడ్డి ఉందా, పిల్లలకు టీకాలు వేయించారా, ఏ మందులు వాడుతున్నారు అంటూ సాగే సుదీర్ఘమైన ప్రశ్నావళిలో హింస గురించిన భాగం ఒకటి వస్తుంది. ఇంటికి ఒక్క స్త్రీనే ఎంచుకోవాలి, ఎవరూ లేనప్పుడే అడగాలి అని నియమం పెట్టారు. అంతవరకు బాగానే ఉంది. కాని భర్త కాక మరెవరైనా బాల్యంలో చేసినదాన్ని పట్టుకోవడానికి ఉన్నది దాదాపు ఒకే ప్రశ్న. అదీ బలవంతంగా సంభోగమో మరో లైంగిక చర్యో చేయించారా అనే అర్థంలో ఉంటుంది. చీకట్లో తడిమినవాడు, ఒళ్ళో కూర్చోబెట్టుకుని వదలనివాడు, తన ఒళ్ళు చూపించినవాడు ఈ ప్రశ్నకు దొరకరు. కొత్త మనిషి ఎదురుగా, లోపలి గదిలో అత్తగారు ఉండగా, ఆ ఒక్క ప్రశ్నకు ‘లేదండీ’ అనేసి తర్వాతి దానికి పోవడం ఎంత తేలికో ఊహించుకోవచ్చు. భర్త కొట్టడం లాంటి, ఊరందరికీ తెలిసే హింస విషయంలోనే అదే సర్వేలో నూటికి 77 మంది ఎవరికీ చెప్పలేదు, ఎవరి సాయమూ కోరలేదు.

రాహీ వాళ్ళ 76 దీనికి రెండో కొస. ఢిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతా, గోవాల్లోని 600 మంది, ఇంగ్లీషు వచ్చిన మధ్యతరగతి, ఎగువ తరగతి స్త్రీలు. ప్రశ్నపత్రం తమంతట తాము నింపి ఇచ్చారు. ఇలాంటి పత్రాన్ని నింపడానికి పూనుకునేవాళ్ళలో చెప్పుకోవలసింది ఉన్నవాళ్ళు కాస్త ఎక్కువే ఉంటారు. పైగా అందులో హింసకు ఇచ్చిన నిర్వచనం విశాలమైనది. కనుక డెబ్భై ఆరును దేశం మొత్తానికి అంటగట్టడం తప్పు. ఆ అధ్యయనం విలువ వేరేచోట ఉంది. అలాంటి స్త్రీల ఇళ్ళల్లో, డబ్బూ చదువూ ఉన్న ఇళ్ళల్లో, చేసినవాడు ఇంటివాడో చుట్టమో అని ఈ దేశంలో మొట్టమొదటగా కాగితం మీద పెట్టింది అది. బీదల బస్తీల్లోనే ఇవన్నీ అనుకునే పెద్దమనుషులకు ఇచ్చిన జవాబు.

లాన్సెట్ అంకె సర్వేలను గుదిగుచ్చి, వాటి మధ్య నిర్వచనాల తేడాలను గణిత నమూనాతో సర్దుబాటు చేసి తీసినది. ఒక్కో దేశంలో ఉన్న సమాచారం ఎంత పలుచనో అంచనా అంత వదులుగా ఉంటుంది. అదే లెక్కలో బంగ్లాదేశ్ స్త్రీల అంకె 9.3. సరిహద్దుకు ఇటు పక్క పిల్లలు మూడింతల ప్రమాదంలో ఉన్నారని నమ్మడంకన్నా, అటు ఇటు అడిగిన తీరులో తేడా ఉందని నమ్మడం నాకు సులువు.

ఇదేమీ కొత్త చిక్కు కాదు. 1896 ఏప్రిల్ 21న వియన్నాలో ఫ్రాయిడ్ తోటి వైద్యుల ముందు ఒక ప్రసంగం చేశాడు. తాను చికిత్స చేసిన పద్దెనిమిది మంది హిస్టీరియా రోగులలో ప్రతి ఒక్కరి బాల్యంలోనూ లైంగిక హింస ఉందన్నాడు. సభ చల్లగా విన్నది. పదిహేడు నెలలకు, 1897 సెప్టెంబర్ 21న, మిత్రుడు ఫ్లీస్‌కు రాసిన ఉత్తరంలో ఆ సిద్ధాంతం మీద తనకే నమ్మకం పోయిందన్నాడు. ఆయన ఇచ్చిన కారణాల్లో ఒకటి గమనించదగ్గది: అదే నిజమైతే ఇంతమంది తండ్రులను దోషులనాలి, అదెలా కుదురుతుంది? ఆ రోగులు తామే నోరు తెరిచి చెప్పారా, చెప్పినదాంట్లోంచి ఫ్రాయిడే ఊహించుకున్నాడా అని చరిత్రకారులు ఇప్పటికీ తగవులాడుకుంటున్నారు. ఆ తగవు ఎలా తేలినా, లెక్క మరీ ఎక్కువొచ్చింది కాబట్టి నిజమై ఉండదు అనే తర్కం మాత్రం అక్కడినుంచి వందేళ్ళు నడిచింది.

1953లో కిన్సీ బృందం అమెరికన్ స్త్రీల మీద రాసిన పుస్తకంలో, రజస్వల కాకముందే పెద్దవాళ్ళు లైంగికంగా దగ్గరికి వచ్చారని నూటికి 24 మంది చెప్పినట్టు ఉంది. వేల మందిని ఓపిగ్గా అడిగి రాబట్టిన అంకె అది. దాన్ని ఆ పుస్తకమే తేల్చిపారేసింది. సమాజం నూరిపోసిన భయం లేకపోతే పిల్ల అంతగా కలవరపడవలసిన పని ఏముందో అర్థం కాదన్నట్టు రాశారు. సెక్స్ గురించి ఆ పుస్తకంలోని ప్రతి ఇతర అంకె మీదా దేశం గగ్గోలు పెట్టింది గాని, దీన్ని ఎవరూ పట్టించుకోలేదు.

అసలు మలుపు 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వచ్చింది. దక్షిణాఫ్రికాలో పుట్టిన సామాజికవేత్త డయానా రస్సెల్ ఆ నగరంలో యాదృచ్ఛికంగా ఎంచుకున్న ఇళ్ళలోని 930 మంది స్త్రీలతో ముఖాముఖి మాట్లాడించింది. ఆమె పనితనం గురించి కాస్త ఆగి చెప్పాలి. అడగడానికి వెళ్ళినవాళ్ళందరూ స్త్రీలే. వీలైనంతవరకు ఎదుటి స్త్రీ జాతికి చెందినవాళ్ళనే పంపింది. వెళ్ళేముందు వాళ్ళకే సుదీర్ఘంగా శిక్షణ ఇచ్చింది, అదీ ప్రశ్నలు చదవడంలో మాత్రమే కాదు, జవాబు విన్నప్పుడు మొహం ఎలా పెట్టాలో కూడా. ‘మీ మీద అత్యాచారం జరిగిందా’ అని ఒక్క పెద్ద మాట పెట్టి అడగలేదు. ఇష్టం లేకుండా ఎవరైనా తాకారా, తాకమన్నారా, తాకబోయారా, చుట్టాల్లో ఎవరైనా, ఇంటికి వచ్చేవాళ్ళలో ఎవరైనా అని ఒకే సంగతిని వేర్వేరు తలుపులనుంచి పలుమార్లు అడిగారు. ఒక తలుపు దగ్గర ‘లేదు’ అన్న మనిషికి మరో తలుపు దగ్గర ఏదో గుర్తొస్తుంది.

ఫలితాలు 1983లో వచ్చాయి. పద్దెనిమిదేళ్ళలోపు ఒంటిమీద చెయ్యిపడిన అనుభవం కనీసం ఒకటి ఉన్నవారు నూటికి 38. పద్నాలుగేళ్ళలోపే అయినవారు 28. ఇంటివాళ్ళ చేతుల్లోనే అయినవారు 16. పోలీసులదాకా వెళ్ళినవి మాత్రం ఇంటివాళ్ళు చేసినవాటిలో నూటికి 2, బయటివాళ్ళు చేసినవాటిలో నూటికి 6.

కొన్నేళ్ళకే లాస్ ఏంజెలస్‌లో గెయిల్ వయట్ 248 మందిని ఇంకా లోతుగా అడిగితే, తాకకుండా చేసే వేధింపులు కూడా కలుపుకుని 62, తాకినవి మాత్రమే అయితే 45 తేలింది. ఇద్దరూ సరిగ్గా అడిగినవాళ్ళే. 1986లో ఉత్తర అమెరికా సర్వేలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధకులకు స్త్రీల విషయంలో 6 నుంచి 62 దాకా అంకెలు కనబడ్డాయి. ఆ తేడాకు వాళ్ళు వెతికిన కారణాల్లో అడిగిన ప్రశ్నల సంఖ్య ముఖ్యమైనదిగా తేలింది. ఒక్క ప్రశ్న అడిగినచోట అంకె తక్కువ, పలు ప్రశ్నలు అడిగినచోట ఎక్కువ. మన కుటుంబ ఆరోగ్య సర్వేకూ రాహీకీ మధ్య ఉన్న అగాధంలో చాలా భాగం దీంతోనే పూడిపోతుంది.

ప్రపంచం మొత్తాన్ని కలిపి చూడాలంటే నెదర్లాండ్స్ పరిశోధకులు 2011లో చేసిన క్రోడీకరణ ఇప్పటికీ మంచి ఆధారం. 217 ప్రచురణలు, దాదాపు 99 లక్షల మంది. స్త్రీలలో నూటికి 18, పురుషులలో 7.6. అంతకంటే నన్ను ఆకట్టుకున్న పోలిక అందులోనే మరొకటుంది. బాధితులను నేరుగా అడిగిన అధ్యయనాలలో వెయ్యికి 127 మంది తేలితే, డాక్టర్లు, టీచర్లు, అధికారులు లాంటి ఇతరుల ద్వారా తెలుసుకున్నవాటిలో వెయ్యికి 4. ముప్ఫై రెట్ల తేడా. ప్రభుత్వ రిజిస్టర్లలో కనిపించేది ఆ నలుగురే.

ఎప్పుడో చిన్నప్పటి సంగతి, ముప్ఫై ఏళ్ళ తర్వాత చెబితే నమ్మేదెలా? ఈ ప్రశ్న కోర్టులోనే కాదు, డ్రాయింగ్ రూముల్లోనూ వినిపిస్తుంది. 1990లలో అమెరికాలో దీనిమీద యుద్ధమే జరిగింది. కొందరు చికిత్సకులు హిప్నోటిజంతో, సూచనలతో లేని జ్ఞాపకాలను పుట్టించారు. అది నిజం. మనసులో లేని సంఘటనను నాటవచ్చని ఎలిజబెత్ లాఫ్టస్ ప్రయోగాలతో చూపించింది. అదీ నిజం. కాని మామూలుగా సర్వేకు జవాబిచ్చే స్త్రీలు తప్పుతున్నది ఎటువైపు అన్నదానికి తిరుగులేని ఆధారాలున్నాయి, అవి రెండోవైపు చూపిస్తాయి. 1973-75 మధ్య లైంగిక హింసకు గురై ఆసుపత్రికి వచ్చినట్టు రికార్డులున్న ఆడపిల్లలలో 129 మందిని పదిహేడేళ్ళ తర్వాత లిండా మెయర్ విలియమ్స్ వెతికి పట్టుకుని మాట్లాడించింది. 1994లో అచ్చయిన ఆ అధ్యయనంలో నూటికి 38 మంది ఆ సంఘటన ప్రస్తావనే తేలేదు. న్యూజిలాండ్‌లో పుట్టినప్పటినుంచి వెంటాడుతూ వస్తున్న ఒక బృందాన్ని 18 ఏళ్ళప్పుడు ఒకసారి, 21 ఏళ్ళప్పుడు మరోసారి అడిగారు. ఒకసారి చెప్పినవాళ్ళు ఇంకోసారి చెప్పకపోవడం దాదాపు సగంమందిలో కనిపించింది. జరగనివాళ్ళు జరిగిందని చెప్పడం దాదాపు లేదు. అంటే పెద్దయ్యాక అడిగి తీసే లెక్కలు జరిగినదానికన్నా తక్కువే చూపిస్తాయి.

ఇక ఎన్నాళ్ళకు చెబుతారు? అమెరికాలో దేశవ్యాప్తంగా ఫోనులో జరిగిన స్త్రీల సర్వేలో, బాల్యంలో అత్యాచారానికి గురైన 288 మందిలో నూటికి 28 మంది ఆ ఫోను చేసినవాళ్ళకు చెప్పేదాకా ఎవరికీ చెప్పలేదు. మరో 47 మంది ఐదేళ్ళు దాటాకనే చెప్పారు. క్విబెక్‌లో అయిదుగురిలో ఒకరు ఎన్నడూ చెప్పలేదు. స్వీడన్‌లో 122 మంది స్త్రీలను అడిగితే సగటు ఆలస్యం 21 ఏళ్ళు. ఆస్ట్రేలియాలో చర్చీలు, బడులు, అనాథాశ్రమాల్లో జరిగినవాటిని విచారించిన రాయల్ కమిషన్ 2017 నివేదికలో ఆ సగటు 23.9 ఏళ్ళు. ఐర్లాండ్‌లో 2002లో మూడు వేల పైచిలుకు మందిని ఫోనులో అడిగితే, అవునన్నవాళ్ళలో నూటికి 47 మంది ఆ మాట జీవితంలో మొదటిసారి చెప్పింది ఆ సర్వే మనిషికే. భర్తకు కాదు, తల్లికి కాదు, ఫాదర్‌కు కాదు, మళ్ళీ ఎన్నడూ గొంతు వినబోని ఒక అపరిచితురాలికి.

ఎందుకు చెప్పరన్నదానికి అందరూ ఉదహరించే పేరు కాలిఫోర్నియా మానసిక వైద్యుడు రోలండ్ సమ్మిట్. 1983లో ఆయన అయిదు మెట్లు చెప్పాడు: గుట్టు, నిస్సహాయత, చిక్కుకుపోయి సర్దుకుపోవడం, ఆలస్యంగా పొంతన లేకుండా చెప్పడం, చెప్పినదాన్ని వెనక్కి తీసుకోవడం. కోర్టులు దీన్ని రోగనిర్ధారణ పరీక్షలా వాడుకోవడం మొదలెడితే, అందుకు ఇది పనికిరాదని ఆయనే తర్వాత వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. 2005లో కమలా లండన్ బృందం సాక్ష్యాలను తిరగేసి ఈ మెట్లలో మొదటిదానికే గట్టి ఆధారం ఉందని తేల్చింది. పెద్దవాళ్ళలో మూడోవంతు మందే చిన్నప్పుడు చెప్పారు. కాని సూటిగా, సరిగ్గా అడిగినప్పుడు ఎక్కువమంది పిల్లలు చెబుతారు, చెప్పిన మాట మీద నిలబడతారు. మాట వెనక్కి తీసుకునేది ఎవరన్నదాన్ని 2007లో లాస్ ఏంజెలస్ కోర్టుల 257 కేసులలో వెతికారు. నూటికి 23 మంది తీసుకున్నారు. చేసినవాడు తండ్రో తండ్రి స్థానంలో ఉన్నవాడో అయి, తల్లి పక్షాన నిలబడకపోతే ఆ అవకాశం పెరిగింది. అంటే మౌనం పిల్ల మనసులో తయారయ్యేదానికన్నా వంటింట్లో తయారయ్యేది ఎక్కువ.

మన వంటిళ్ళ గురించి ఇలాంటి కొలత లేదు గాని, అక్కడ ఏం మాట్లాడతారో మనందరికీ తెలుసు. పిల్ల ‘నేను మామయ్య పక్కన పడుకోను’ అంటుంది. అది ఫిర్యాదు. పెద్దవాళ్ళు ఎదురుచూసే వాక్యంలా లేదు, అంతే. ‘పిచ్చిమొహమా, మామయ్య నీకు బొమ్మ కొనిపెట్టలేదూ’ అంటుంది తల్లి. వేసవి సెలవుల్లో డాబా మీద వరసగా పక్కలు వేసిన ఇంట్లో, పెళ్ళివారింట్లో ముప్ఫైమంది ఒకే హాల్లో దొర్లే రాత్రి, ఎవరు ఎవరి పక్కన అన్నది పెద్దవాళ్ళు చూసుకోరు. పిల్ల చూసుకుంటుంది, గోడవైపు జరిగి పడుకుంటుంది, అమ్మమ్మ కొంగు పట్టుకుంటుంది. పడక మార్చుకోవడం, ఫలానావాళ్ళ ఊరు రానని మొండికేయడం, కడుపునొప్పి అనడం, ఇవన్నీ చెప్పడాలే. కెనడాలో రమోనా అలాజియా ముఖాముఖిల్లో తేల్చింది కూడా ఇంచుమించు ఇదే: పిల్లలు ప్రవర్తనతో ముందు చెబుతారు, మాటలు చాలా తర్వాత వస్తాయి.

మనకు వరస అనే చిక్కు కూడా ఉంది. మేనరికాలు చేసుకునే కుటుంబాల్లో మేనమామా, మేనబావా ఆడపిల్లను ఆటపట్టించడం హక్కుగా చలామణీ అవుతుంది. ‘ఏమే, నన్ను చేసుకుంటావా’ అని బుగ్గ గిల్లితే అందరూ నవ్వుతారు. ఆ నవ్వుల మధ్య చెయ్యి ఎక్కడిదాకా పోయిందో పిల్ల చెబితే, ‘వరసైనవాడేగా’ అని తీసిపారేయవచ్చు. మరీ గట్టిగా చెబితే ఇంకో ప్రమాదం: అతనికే ఇచ్చి పెళ్ళి చేసేస్తే పరువు దక్కుతుందన్న ఆలోచన. ఆ ఇంట్లో నోరు తెరవడమంటే అతని చేతికే చిక్కడం కావచ్చు. ముల్లూ అరిటాకూ సామెతను ఆడపిల్లకు ఎన్నోసార్లు వినిపించి పెంచాక, చిరిగేది ఎవరో ఆమెకు వేరే చెప్పక్కర్లేదు.

పెద్దయ్యాక నోరు విప్పే సందర్భాలు కూడా అనుకోకుండా వస్తాయి. తన కూతురికి సరిగ్గా ఆ వయసు వచ్చినప్పుడు వచ్చే కలవరం గురించి విదేశాల అధ్యయనాలూ, చికిత్స చేసేవాళ్ళూ పదేపదే రాశారు. మన దగ్గర దాని రూపం వేరు. పాపను పుట్టింట్లో వదిలి ఉద్యోగానికి వెళ్ళమంటే ఆమె ఎందుకు ససేమిరా అంటుందో భర్తకు అర్థం కాదు. చిన్నప్పుడు అలా చేసినవాడు చనిపోయినప్పుడు కర్మకు రానంటుంది. ‘మేనమామ పోతే కూడా రావా’ అని అన్నదమ్ములు నిష్ఠూరమాడతారు. అప్పుడు చెబుతుంది. ‘ఇప్పుడు చెప్పి ఏం లాభం’ అని తల్లి అంటుంది. తల్లికి అప్పుడే తెలుసునన్న అనుమానం ఆమెకు ఆ క్షణంలో రావచ్చు. చిన్నప్పటి గాయంకన్నా ఆ జవాబు ఎక్కువ బాధపెట్టిందని చెప్పే స్త్రీలు ఈ సాహిత్యం నిండా ఉన్నారు. చెప్పుకుంటే గుండె బరువు దిగుతుందన్న మాట సగమే నిజం. విన్నవాళ్ళు నమ్మకపోతే, నింద తిరిగి ఆమె మీదికే వస్తే, చెప్పకపోవడంకన్నా చెప్పడమే ఎక్కువ హాని చేస్తుందని సారా ఉల్మన్ లాంటివారి పరిశోధనలు చూపించాయి.

చెప్పడానికి మూల్యం ఎంతో తెలిసినవాళ్ళలో ఒకరు మాయా ఏంజెలో. ఎనిమిదేళ్ళప్పుడు తల్లి ప్రియుడి పేరు అన్నకు చెప్పింది. అతను జైలునుంచి వెంటనే బయటపడ్డాడు, ఆపై ఎవరి చేతుల్లోనో హతుడయ్యాడు. తన మాటే మనిషిని చంపిందనుకుని ఆమె అయిదేళ్ళపాటు దాదాపు మూగదైంది. 1969లో వచ్చిన ఆమె ఆత్మకథ తర్వాతే అమెరికాలో ఈ విషయం సాహిత్యంలోకి ధైర్యంగా అడుగుపెట్టింది. మన దేశంలో ఆ పని 2000లో పింకీ విరానీ పుస్తకం చేసింది. మన సినిమా పాటలతో తెలుగువాళ్ళకు బాగా తెలిసిన చిన్మయి శ్రీపాద 2018లో తన చిన్నప్పటి సంగతి బయటపెట్టినప్పుడు, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదనే ప్రశ్నే ఎక్కువ వినబడింది. సగటున ఇరవై ఒక్క ఏళ్ళు పడుతుందని స్వీడన్‌లో తేలిన సంగతి అడిగేవాళ్ళకు తెలియదు, తెలిసినా అడిగేవారేమో.

ఇంతవరకు చెప్పినదంతా హింస రహస్యమనే ఊహ మీద నిలబడింది. తెలంగాణలో జోగిని స్త్రీల జీవితాలు ఆ ఊహను తలకిందులు చేస్తాయి. దళిత బాలికను దేవతకిచ్చి పెళ్ళి చేసి, ఈడొచ్చాక ఊరి పెద్దలకు అప్పగించే ఆచారం ఊరంతా చూస్తుండగా జరిగింది. అక్కడ బయటపెట్టవలసిన రహస్యం ఏమీ లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1988లో దాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ స్త్రీలకు ‘చిన్నప్పుడు మీకెవరైనా అలా చేశారా, ఎవరికైనా చెప్పారా’ అనే ప్రశ్నావళి ఇస్తే అది వెక్కిరింతలా ఉంటుంది. బాల్యవివాహం కూడా ఇంచుమించు ఇంతే. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో 20-24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకుండా పెళ్ళయినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29.3, తెలంగాణలో 23.5. పదిహేను దాటి పద్దెనిమిది నిండని భార్యతో బలవంతపు సంభోగం నేరం కాదన్న మినహాయింపును సుప్రీంకోర్టు 2017 అక్టోబర్ 11న కొట్టేసేదాకా చట్టానికే అది హింస కాదు. అలాంటప్పుడు పదహారేళ్ళకు కాపురానికి వెళ్ళిన స్త్రీ దాన్ని బాల్యంలో జరిగిన హింసగా సర్వేలో చెబుతుందని ఎలా అనుకుంటాం? 1.5 అనే అంకె పక్కన ఈ 29.3ను పెట్టి చూడండి.

పిల్లలనే అడిగిన మన దేశపు అధ్యయనాలు ఈ పెద్దవాళ్ళ లెక్కలకు ఆసరా. బెంగళూరులో సంవాద సంస్థ 1996లో 348 మంది అమ్మాయిలను, చెన్నైలో తుళిర్ 2006లో రెండు వేల పైచిలుకు విద్యార్థులను అడిగాయి. 2007లో కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి వేసిన నివేదిక వచ్చినప్పుడు ఆ శాఖ మంత్రి ఖమ్మం ఎంపీ రేణుకా చౌదరి. ఏదో ఒక రకమైన లైంగిక హింసకు గురయ్యామన్న పిల్లలు నూటికి 53. అందులో మగపిల్లలు సగానికి కాస్త పైనే. ఎక్కువ నమోదైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దీన్ని మనకు తలవంపులనుకోనక్కర్లేదు. అడిగినప్పుడు మన పిల్లలు చెప్పారనీ అనుకోవచ్చు. ఆ పిల్లలు ఇప్పుడు పాతికేళ్ళు దాటినవాళ్ళు. అంతటి జాతీయ అధ్యయనం మళ్ళీ రాలేదు.

చట్టం వైపు చూస్తే, ఎప్పుడు జరిగిందన్నదే అన్నిటికీ కీలకం. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో 2012 నవంబర్ 14న అమల్లోకి వచ్చింది. అంతకు ముందు చేసినదానికి రాజ్యాంగంలోని 20వ అధికరణం వల్ల అది వర్తించదు. ఈ రోజు నలభై ఏళ్ళున్న స్త్రీకి పాత శిక్షాస్మృతే గతి. అందులో అత్యాచారానికి నిర్వచనం ఇరుకైనది. దాన్ని విస్తరించమని సాక్షి అనే సంస్థ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2004లో ఆమోదించలేదు, విచారణలో పిల్లలకు తెర కట్టడం లాంటి జాగ్రత్తలు మాత్రం చెప్పింది. మిగిలింది స్త్రీ మర్యాదకు భంగం కలిగించడం గురించిన 354వ సెక్షన్. పసిపాపకు సైతం అది వర్తిస్తుందని 1966లో, ఏడున్నర నెలల బిడ్డ కేసులోనే, సుప్రీంకోర్టు తేల్చింది. కాని అప్పట్లో దానికి గరిష్ఠ శిక్ష రెండేళ్ళు, అంత చిన్న శిక్షపడే నేరానికి ఫిర్యాదు గడువు మూడేళ్ళు. తొమ్మిదేళ్ళ పిల్ల పన్నెండేళ్ళు నిండేలోగా పోలీస్ స్టేషన్‌కు రావాలన్నమాట.

ఇక్కడ మన రాష్ట్రం సంగతి వేరు, అది వకీళ్ళలో కూడా కొందరికే గుర్తుంటుంది. ఆంధ్రప్రదేశ్ 1991లోనే 354కు సొంత సవరణ తెచ్చి శిక్షను అయిదు నుంచి ఏడేళ్ళు చేసింది. మూడేళ్ళకు మించి శిక్షపడే నేరాలకు గడువు ఉండదు కనుక, ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో జరిగినవాటికి కాలదోషం అడ్డు రాకూడదు. దేశం మొత్తం మీద పోక్సో నేరాలకు గడువు లేదని కేంద్ర న్యాయశాఖ స్పష్టం చేసింది 2018 అక్టోబర్‌లో. భారత్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన ఒక శాస్త్రవేత్త, చిన్నప్పుడు బంధువు చేసినదానిమీద దశాబ్దాల తర్వాత ఫిర్యాదు చేయబోయి, దారి దొరక్క నడిపిన ప్రచారం దాని వెనక ఉంది. గడువు లేకపోవడం ఒక ఎత్తు, ఇరవై ఏళ్ళ తర్వాత ఆమె మాట తప్ప మరో సాక్ష్యం లేని కేసు నిలబడడం ఇంకో ఎత్తు.

చట్టం సాయపడబోయి అడ్డుపడే చోటు కూడా ఒకటుంది. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష. పిల్లల విషయంలో ఇది సబబే. 2013లో పదేళ్ళున్న అమ్మాయి ఇప్పుడు ఇరవై దాటి కౌన్సెలర్ ఎదుట కూర్చుని, కేసు వద్దు, నిద్ర పడితే చాలు అంటే? పెద్దదైన మనిషి ఇష్టానికి ఈ సెక్షన్‌లో చోటు లేదు. గోప్యతకు హద్దులున్నాయని మొదటి మాటల్లోనే చెప్పడం కౌన్సెలర్ల ధర్మం. అది విని ఆమె చెప్పబోయిన పేరు మింగేస్తుంది. పద్దెనిమిది నిండాక ఆ నిర్ణయం ఆమెకే వదిలేసేలా ఈ ఒక్క సెక్షన్‌నైనా సవరించాలని నా అభిప్రాయం. చేసినవాడి చుట్టూ ఇప్పుడు వేరే పిల్లలు ఉండవచ్చు కదా అన్న అభ్యంతరం బలమైనదే, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కాని ఆమె నోరే తెరవకపోతే ఆ పిల్లల సంగతీ ఎవరికీ తెలియదు.

లెక్కల విషయంలో చేయదగ్గది మాత్రం తేలిగ్గానే కనిపిస్తోంది. ఆస్ట్రేలియా 2021లో 8,503 మందిని మొబైల్ ఫోన్లలో, ఒక్కో చర్యను విడివిడిగా పేర్కొంటూ అడిగింది. స్త్రీలలో నూటికి 37.3 మంది తేలారు. రస్సెల్ 38తో పోల్చితే నలభై మూడేళ్ళ తర్వాత, వేరే ఖండంలో ఇంత దగ్గరగా రావడం కాకతాళీయం అనిపించదు. ఫోను పద్ధతి యథాతథంగా మనకు నప్పదు. సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు అయిదో కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో నూటికి 60, ఆంధ్రప్రదేశ్‌లో సగానికి కాస్త తక్కువ. ఉన్నవాళ్ళలోనూ స్పీకర్ పెట్టి మాట్లాడే ఇళ్ళెన్నో. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి, ప్రశ్నను ఆమె యాసలో వినిపించి, జవాబుకు టాబ్లెట్ మీద రంగు బటన్ నొక్కమనే పద్ధతిని హెచ్‌ఐవీ సర్వేల్లో వాడారు. పక్కన కూర్చున్న అత్తగారికి ప్రశ్న వినబడదు, జవాబు కనబడదు. తదుపరి కుటుంబ ఆరోగ్య సర్వేలో హింస భాగం వరకు, రెండు జిల్లాల్లో, ఒక్క ప్రశ్న బదులు ఎనిమిదో పదో పెట్టి ఇలా అడిగి చూస్తే 1.5 ఎక్కడికి లేస్తుందో తెలిసిపోతుంది.